వెంగర్ పాస్‌ల మీద గొడవపడే ఆర్సెనల్ అభిమానులకు బహిరంగ లేఖ

ఆర్సెనల్ అభిమాన మిత్రులారా,

ఆర్సెన్ వెంగర్ మన ఫుట్‌బాల్ క్లబ్ మేనేజర్ పదవి వదిలి వెళ్ళింది 2018 మేలో. తర్వాత ఆ పదవిలోకి ఎమెరీ వచ్చారు, వెళ్ళారు. 2019 డిసెంబర్‌లో ఆర్టెటా వచ్చారు. ఆటగాళ్ళు మారారు, ఆట మారింది, మన గొడవ మాత్రం మారలేదు. ఏదో ఒక మ్యాచ్‌లో మనవాళ్ళు గోల్ కొట్టలేక అవస్థపడితే చాలు, "వెంగర్ ఉన్నప్పుడు ఆట ఎంత చూడముచ్చటగా ఉండేది" అని ఒకరు మొదలుపెడతారు. "ఆ పాస్‌ల పిచ్చే మనల్ని ముంచింది" అని ఇంకొకరు అందుకుంటారు. ఒకరు నార్విచ్ మీద చిన్న చిన్న పాస్‌లతో అల్లి విల్షేర్ కొట్టిన గోల్ గుర్తుచేస్తే, ఇంకొకరు మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో తిన్న 8-2 ఓటమి గుర్తుచేస్తారు. అక్కడితో మాటలు అయిపోయి తిట్లు మొదలవుతాయి.

ఈ లేఖ రెండు పక్షాల వాళ్ళకూ రాస్తున్నాను. ఎందుకంటే ఆయన్ని మెచ్చుకునేవాళ్ళూ, తిట్టేవాళ్ళూ నమ్ముతున్నది ఒక్కటే. వెంగర్ అంటే చిన్న చిన్న పాస్‌లనీ, లెక్కలేనన్ని పాస్‌లనీ, బంతిని గోల్ గీత దాకా కాళ్ళ మధ్యే మోసుకెళ్ళే ఆటనీ మీ అందరి నమ్మకం. దాని మీద కొందరికి ప్రేమ, కొందరికి కోపం. కానీ అది సగం నిజం. 1996 అక్టోబర్ నుంచి 22 సీజన్లలో 1,235 మ్యాచ్‌లు నడిపిన మనిషి మొదటి నుంచి చివరి దాకా ఒకే ఆట ఆడించారనడం అన్యాయం. పొగడ్తగా అన్నా అన్యాయమే.

ఆయన తొలి లీగ్ టైటిల్ నుంచే చూద్దాం. జపాన్‌లోని నగోయా నుంచి వచ్చిన వెంగర్‌కు ఇక్కడ గట్టి డిఫెన్స్ సిద్ధంగా దొరికింది. గోల్‌లో సీమన్, ముందు డిక్సన్, ఆడమ్స్, బోల్డ్, కియోన్, వింటర్‌బర్న్. ఆయన వాళ్ళను విడగొట్టలేదు. వాళ్ళ ముందు వియేరానూ పెటీనీ నిలబెట్టారు. ఇద్దరూ బంతి లాక్కోగలరు, లాక్కున్న బంతిని ఒక్క పాస్‌తో మైదానం సగం దాటించగలరు. ఆ పాస్ కోసం ఓవర్‌మార్స్, అనెల్కా అప్పటికే పరుగు అందుకుని ఉండేవాళ్ళు. 1998 మార్చిలో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో టైటిల్ పోరు మలుపు తిరిగిన గోల్ ఒకసారి గుర్తుచేసుకోండి. గాల్లో వచ్చిన బంతిని అనెల్కా తలతో ముందుకు తోశాడు, ఓవర్‌మార్స్ దూసుకెళ్ళి కొట్టాడు. ఇరవై పాస్‌లు ఎక్కడా లేవు.

అదే ఏడాది మేలో ఎవర్టన్‌ను 4-0తో ఓడించి టైటిల్ ఖాయం చేసుకున్న రోజు చివరి గోల్ ఇంకా గొప్పది. బంతిని ముందుకు లేపి ఇచ్చింది బోల్డ్, దాన్ని ఎడమ కాలితో లోపలికి కొట్టింది ఆడమ్స్. ఇద్దరూ సెంటర్‌బ్యాక్‌లే. 1-0తో గెలిచి వెనక్కి వచ్చేయడమే పనిగా పేరుపడ్డ ఇద్దరు డిఫెండర్లు అలాంటి గోల్ తయారు చేయడం చూశాక, వెంగర్ క్లబ్‌కు ఏం తెచ్చారో వేరే వివరించక్కర్లేదు. పాస్‌ల సంఖ్య ఆయన తెచ్చిన మార్పు కాదు. బంతి దొరికిన వెంటనే ముందుకు చూడొచ్చనే ధైర్యం ఆయన తెచ్చారు, అదీ జట్టులో ప్రతి ఒక్కరికీ.

2003-04 జట్టు సంగతీ అంతే. 38 లీగ్ మ్యాచ్‌ల్లో 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి లేదు. ఆ జట్టును తలచుకుంటూ "అందమైన పాసింగ్" అంటారు గానీ, ఆ లీగ్ సీజన్‌లో మనం ఎదుటివాళ్ళకు ఇచ్చిన గోల్స్ 26 మాత్రమే అన్నది ఎవరూ ఎత్తరు. వియేరా, గిల్బెర్టో, క్యాంప్‌బెల్, హెన్రీ, లేమన్ అందరూ ఆరడుగులు దాటినవాళ్ళు. ఎదుటివాళ్ళు భుజాలతో తోసి గెలుద్దామనుకుంటే అక్కడే ఓడిపోయేవాళ్ళు. ఆ జట్టు ప్రాణమంతా వేగం. టోటెన్‌హామ్ మైదానంలో 2-2 డ్రాతో టైటిల్ గెలిచిన రోజు మొదటి గోల్ చూడండి. కార్నర్ వాళ్ళది. అక్కడి నుంచి బయటికొచ్చిన బంతి హెన్రీకి దొరికింది. మన సగంలోంచి పరుగు తీసి బెర్గ్‌క్యాంప్‌కు ఇచ్చాడు, బెర్గ్‌క్యాంప్ అడ్డంగా గోల్ ముందుకు పంపాడు, వియేరా జారుతూ లోపలికి నెట్టాడు. ఆ కార్నర్‌ను కాపాడటానికి మన గోల్ దగ్గర ఉన్నవాడే కొన్ని సెకన్లలో వాళ్ళ గోల్ ముందున్నాడు. దీన్ని నెమ్మదిగా పాస్‌లు అల్లే ఆట అని ఎవరైనా ఎలా అంటారు?

మరి మార్పు ఎప్పుడొచ్చింది? ఒక్క క్షణం పట్టుకుని చెప్పమంటే నేను 2006 మార్చి 28 అంటాను. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్, మన పాత మైదానం హైబరీలో యువెంటస్‌తో. ముందు ఏడాదే మనల్ని వదిలి వెళ్ళిన వియేరా వాళ్ళ జట్టులో ఉన్నాడు. మైదానం మధ్యలో అతని కాలి దగ్గర బంతిని పిరెస్ జారి లాక్కున్నాడు. ఎన్నడూ ఎవరి దగ్గరా బంతి లాక్కోడని పేరున్న పిరెస్! బంతి హెన్రీకి, హెన్రీ నుంచి ఫాబ్రెగాస్‌కు. వియేరా ఖాళీ చేసిన చోట ఆడుతున్న కుర్రాడు గోల్ కొట్టాడు. ఆ రాత్రి మనం 2-0తో గెలిచాం. వియేరా లేకపోయినా బతకగలమని అందరం నమ్మాం, వెంగర్ కూడా నమ్మారనే అనుకుంటాను.

"వెంగర్‌కు డిఫెండ్ చేయించడం రాదు" అనే పక్షం వాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్‌లో మనం వరసగా పది మ్యాచ్‌ల్లో గోల్ ఇవ్వలేదు. రియల్ మాడ్రిడ్, యువెంటస్, వియ్యారియల్, ఎవరూ కొట్టలేకపోయారు. అదీ మామూలు డిఫెన్స్‌తో కాదు. ఎడమ వైపు ఫుల్‌బ్యాక్‌గా, అంటే పక్క కాచే డిఫెండర్‌గా, మిడ్‌ఫీల్డర్ ఫ్లామిని ఆడాడు, మధ్యలో కుర్రాడు సెండరోస్ ఆడాడు. ముందు హెన్రీని ఒక్కడినే ఉంచి, వెనక ఐదుగురిని మిడ్‌ఫీల్డ్‌లో దట్టంగా నిలబెట్టారు వెంగర్. పారిస్‌లో బార్సిలోనాతో ఫైనల్లో 18వ నిమిషంలో లేమన్‌కు రెడ్ కార్డ్ పడింది. పది మందితో ఆడుతూ కూడా క్యాంప్‌బెల్ హెడర్‌తో ముందంజ వేసి 76వ నిమిషం దాకా నిలబడ్డాం. ఎటో, బెలెట్టి గోల్స్‌తో 2-1తో ఓడాం. లేమన్ బదులు ఇంకో గోల్‌కీపర్‌ను దింపడానికి పిరెస్‌ను బయటికి పిలవడం, మన చొక్కాలో అతనికి అదే ఆఖరి మ్యాచ్ కావడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతే అసలు కథ మారింది. చిన్న హైబరీ వదిలి విశాలమైన ఎమిరేట్స్‌కు వెళ్ళాం, ఆట మాత్రం ఇరుకైపోయింది. 2007-08లో ఫాబ్రెగాస్, ఫ్లామిని, హ్లెబ్, రొసిస్కీ కలిసి ఆడిన ఆట నిజంగా అద్భుతం. శాన్ సిరోలో మిలన్‌ను ఓడించిన తొలి ఇంగ్లిష్ జట్టు అదే. 83 పాయింట్లు తెచ్చుకుని కూడా మూడో స్థానంలో నిలిచాం. ఆ నలుగురిలో బంతి లాక్కునే పని ఫ్లామినిది. 2008లో అతను కాంట్రాక్ట్ ముగిసి మిలన్‌కు వెళ్ళిపోయాడు. అదే వేసవిలో గిల్బెర్టో కూడా వెళ్ళాడు. వాళ్ళ స్థానంలో, తర్వాతి ఏళ్ళలో ఎవరొచ్చారో చూడండి. నస్రి, అర్షావిన్, విల్షేర్, కజోర్లా, ఓజిల్. ఒక్కొక్కరినీ నేను ఇష్టంగా చూశాను. కజోర్లా రెండు కాళ్ళలో ఏది బలమైనదో ఇప్పటికీ చెప్పలేను. కానీ వాళ్ళంతా బంతిని కాలికి అడిగేవాళ్ళు. ఎదుటి డిఫెన్స్ వెనకున్న ఖాళీలోకి పరుగెత్తేవాళ్ళు తక్కువ. బంతి పోతే తిరిగి తెచ్చేవాళ్ళు ఇంకా తక్కువ.

మైదానంలో ఇది ఎలా కనిపించేదంటే, పక్కల ఆడాల్సిన ఇద్దరూ మధ్యలోకి జరిగిపోయేవాళ్ళు. పెనాల్టీ బాక్స్ ముందు ఐదుగురు మనవాళ్ళు, ఎనిమిది మంది వాళ్ళు, అంతా ఇరుకు. పక్కలు ఖాళీ అవుతాయి కాబట్టి రెండు వైపుల ఫుల్‌బ్యాక్‌లూ పైకెళ్ళేవాళ్ళు. బంతి మన దగ్గరున్నంతసేపూ కన్నుల పండుగే. ఒక్క పాస్ తప్పిందా, వెనక మిగిలింది ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు, వాళ్ళ చుట్టూ సగం మైదానం. వియేరా ఉన్న రోజుల్లో కూడా పాస్‌లు తప్పేవి. తప్పినప్పుడు వెనక ఎవరో ఒకరు ఉండేవాళ్ళు, అంతే తేడా.

కాబట్టి "పాస్‌లు ఎక్కువైపోయాయి" అనేవాళ్ళకు నా జవాబు, లోపం పాస్‌లో లేదు. పాస్ ఇస్తున్న సమయంలో మిగతా తొమ్మిది మంది నిలబడ్డ చోట ఉంది. ఒక మ్యాచ్ చాలు నిరూపించడానికి. 2015 ఫిబ్రవరి 25, ఛాంపియన్స్ లీగ్‌లో రెండు మ్యాచ్‌ల పోరులో మొదటిది, ఎమిరేట్స్‌లో మొనాకోతో. వెంగర్ ఒకప్పుడు నడిపించిన క్లబ్బే. 2-0తో వెనకబడి ఉన్నాం. 90 నిమిషాలు దాటాక కలిపిన సమయంలో ఆక్స్‌లేడ్-చాంబర్లేన్ గోల్ కొట్టాడు, 2-1 అయింది. రెండో మ్యాచ్ ఇంకా మిగిలి ఉంది, ఆ స్కోరుతో ఇంటికి వెళ్ళినా చాలు. మనవాళ్ళు ఆగలేదు. సమం చేయాలని అందరూ ముందుకు పోయారు, బంతి పోయింది, కరాస్కో వచ్చి మూడో గోల్ కొట్టాడు. మొనాకోలో మనం 2-0తో గెలిచాం. మొత్తం 3-3. సమమైతే బయటి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టే ముందుకెళ్ళే అప్పటి లెక్కతో ఇంటికి వచ్చేశాం. ఆ మూడో గోల్ లేకపోతే క్వార్టర్ ఫైనల్‌కు వెళ్ళేవాళ్ళం.

అంతకు ఏడేళ్ళ ముందు ఆన్‌ఫీల్డ్‌లోనూ అదే. 2008 ఏప్రిల్, లివర్‌పూల్‌తో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్. 84వ నిమిషంలో వాల్కాట్ మన బాక్స్ దగ్గరి నుంచి మైదానమంతా పరుగెత్తి అడెబాయోర్‌తో గోల్ కొట్టించాడు. 2-2, బయటి మైదానం గోల్స్ లెక్కతో మనమే సెమీస్‌లో. ఒకటి రెండు నిమిషాలు తిరక్కుండానే పెనాల్టీ ఇచ్చాం, జెరార్డ్ కొట్టాడు, చివర్లో బాబెల్ కొట్టాడు, 4-2. వాల్కాట్ పరుగు గురించి మీరంతా మాట్లాడతారు. ఆ పరుగుకూ పెనాల్టీకీ మధ్య మనవాళ్ళు ఏం చేశారో మాట్లాడరు.

ఇక మెచ్చుకునే పక్షానికి ఒక మాట. "మన ఆట బార్సిలోనాకు సమానం" అని ఇప్పటికీ అంటారు. 2011 ఫిబ్రవరిలో ఎమిరేట్స్‌లో వాళ్ళను 2-1తో ఓడించిన మ్యాచ్ చూపిస్తారు. ఆ గెలుపు గోల్ ఎలా వచ్చింది? ఫాబ్రెగాస్ నుంచి పొడవైన పాస్ కుడి వైపు పరుగెత్తుతున్న నస్రికి, నస్రి నుంచి వెనక్కి అర్షావిన్‌కు. అది 2004 ఆర్సెనల్ గోల్. బార్సిలోనాను బార్సిలోనా ఆటతో ఓడించలేదు మనం. తిరిగి వాళ్ళ మైదానంలో ఆడిన మ్యాచ్‌లో, వాన్ పెర్సీని బయటికి పంపడం దారుణమే, కానీ మ్యాచ్ మొత్తంలో మనవాళ్ళు గోల్ వైపు ఒక్క షాట్ కూడా కొట్టలేదన్నదీ నిజమే.

"డబ్బుల్లేవు కదా" అంటారు. నిజం. కొత్త స్టేడియానికి 39 కోట్ల పౌండ్ల దాకా ఖర్చయింది. 2011లో ఫాబ్రెగాస్, నస్రి, 2012లో వాన్ పెర్సీ వెళ్ళిపోయారు. ఆ పరిస్థితిలోనూ ఏటా మొదటి నాలుగు స్థానాల్లో నిలిపిన మేనేజర్‌ను చిన్నబుచ్చేవాళ్ళను నేను అర్థం చేసుకోలేను. అయితే మొనాకో రాత్రి చివరి నిమిషంలో వెనక్కి ఎవరు నిలబడాలన్నది డబ్బుతో తేలే విషయం కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది, ఆయనకు వేరే ఆట కూడా వచ్చు. 2015 జనవరిలో ఎతిహాద్‌కు వెళ్ళి మాంచెస్టర్ సిటీని 2-0తో ఓడించాం. బంతి ఎక్కువసేపు వాళ్ళ దగ్గరే ఉంది. కొక్లాన్ నలుగురు డిఫెండర్ల ముందు కదలకుండా నిలబడ్డాడు, కజోర్లా మ్యాచ్‌ను చేతుల్లోకి తీసుకున్నాడు. 2017 ఏప్రిల్‌లో ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో ఆడించడం మొదలుపెట్టి, అదే పద్ధతిలో ఎఫ్ఏ కప్ సెమీస్‌లో సిటీనీ, ఫైనల్లో ఆ ఏటి ఛాంపియన్ చెల్సీనీ ఓడించారు. చేయగలిగిన మనిషి దాన్నే ఎందుకు కొనసాగించలేదు?

నాకు తోచిన జవాబు చెబుతాను. వెంగర్ ఆటగాళ్ళను నమ్మే మనిషి. మైదానంలో చిక్కు వస్తే దారి వాళ్ళే వెతుక్కుంటారని నమ్మారు. ఆడమ్స్, వియేరా, బెర్గ్‌క్యాంప్, హెన్రీ ఉన్నప్పుడు ఆ నమ్మకం టైటిళ్ళు తెచ్చింది, ఎందుకంటే ఎప్పుడు ముందుకు పోవాలో, ఎప్పుడు ఆట చల్లార్చాలో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే స్వేచ్ఛ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు ఇచ్చినప్పుడు, అందమైన గోల్స్ వచ్చాయి, ఆగాల్సిన చోట ఆపేవాడు రాలేదు. ఆయన్ని గెలిపించిన గుణమూ ఓడించిన గుణమూ ఒక్కటే. దీన్ని విడదీసి, సగం మీరు పట్టుకుని సగం వాళ్ళు పట్టుకుని కొట్టుకోవడం చూస్తే మనసు కష్టమవుతుంది.

ఆర్టెటాను ఈ గొడవలోకి లాగడం కూడా మానండి. 2011 నుంచి 2016 దాకా వెంగర్ జట్టులో మిడ్‌ఫీల్డ్‌లో ఆడి, కెప్టెన్‌గా ఉన్న మనిషి ఆయన. వెనక ఎంత ఖాళీ ఉండేదో అక్కడ నిలబడి చూసినవాడు. ఇవాళ ఆయన జట్టు దాడి చేస్తున్నప్పుడు కూడా వెనక మనుషులను లెక్కగా ఉంచుతుందంటే, నా ఉద్దేశంలో అది ఆ ఏళ్ళలో నేర్చుకున్నదే. గురువును కాదనడం కాదు అది.

2017 మార్చిలో వెస్ట్ బ్రామ్ మైదానం మీద రెండు విమానాలు ఎగిరాయి. ఒకదాని వెనక వెంగర్ పోవాలనే బ్యానర్, ఇంకోదాని వెనక ఆయన్ని గౌరవించమనే బ్యానర్. కింద మనవాళ్ళు 3-1తో ఓడిపోతున్నారు. ఒకే క్లబ్ అభిమానులు డబ్బు పోగేసి ఆకాశంలో ఒకరి మీద ఒకరు అరుచుకున్న రోజు అది. ఎమిరేట్స్ బయట 2023లో ఆయన విగ్రహం పెట్టాక కూడా మనం ఆ రెండు విమానాల్లోంచి దిగకపోతే ఎలా?

రెండు పక్షాలనూ అడిగేది ఇంతే. "వెంగర్ ఆట" అని ఊరికే అనకండి, ఏ సీజనో చెప్పండి. పదిహేను సెకన్ల గోల్‌తో ఆయన్ని ఆకాశానికెత్తకండి, ఒక్క స్కోరుతో పాతాళానికి తొక్కకండి. హైబరీ చూసినవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళను "మీకేం తెలుసు" అనకండి. తర్వాత వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళను "పాత పాటే పాడతారు" అని కొట్టిపారేయకండి.

మళ్ళీ వాదనకు దిగే ముందు మూడు మ్యాచ్‌లు మొదటి నుంచి చివరిదాకా చూడండి: 2006లో హైబరీలో యువెంటస్, 2008లో ఆన్‌ఫీల్డ్, 2015లో మొనాకో. బంతిని కాకుండా, బంతికి వెనకున్న మనవాళ్ళను చూడండి. మొనాకో మూడో గోల్‌కు ముందు మన బంతి పోయిన చోట వీడియో ఆపి, మన సగంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. అప్పుడు కూడా నేను చెప్పింది తప్పనిపిస్తే, రండి, ఆ మ్యాచ్ ముందు పెట్టుకునే వాదించుకుందాం.

ఇట్లు,
మీలో ఒక ఆర్సెనల్ అభిమాని